ఫోను కోడే పేరు.. విజేతలై నిలిచారు!

గుంటూరు ఎస్టీడీ కోడ్ 0863. విజయవాడది 0866. విశాఖపట్నానిది 0891. ఈ అంకెలను ఎవరైనా ఓ క్రీడాజట్టుకు పేరుగా పెడతారా? కెనడాలో పెట్టారు. టొరంటో నగర ఫోను కోడ్ 416. దాన్ని ఆనుకొని ఉన్న మిసిసాగా, బ్రాంప్టన్, మార్కమ్, బర్లింగ్టన్ తదితర శివారు పట్టణాలది 905. నగరంలో ఇల్లు కొనలేనివారు, కొత్తగా వలస వచ్చినవారు, ఉదయం రైలెక్కి టొరంటో వెళ్లి సాయంత్రం తిరిగి వచ్చే ఉద్యోగులు ఎక్కువగా నివసించే ప్రాంతమిది. నగరవాసులు ‘తొమ్మిది సున్నా ఐదు వాళ్లు’ అని కాస్త చిన్నచూపుతో అనే మాటనే ఆ ప్రాంతపు బాస్కెట్‌బాల్ జట్టు సగర్వంగా చొక్కాపై ముద్రించుకుంది. ఆ జట్టే ‘రాప్టర్స్ 905’. ఏర్పడిన రెండో ఏడాదే, 2017 ఏప్రిల్ 27 రాత్రి, అమెరికా జట్లను తలదన్ని లీగ్ విజేతగా నిలిచింది.

అది ప్రపంచమంతా చూసే ఎన్‌బీఏ కాదు. దాని కింది మెట్టు అయిన డి-లీగ్. ఆ రాత్రి మైదానంలో ఉన్నవారి పేర్లు బాస్కెట్‌బాల్ అభిమానులలోనూ చాలామందికి తెలియవు. రెండేళ్లు తిరిగేసరికి వారిలో ఇద్దరు ఎన్‌బీఏ టైటిల్‌నే గెలిచారు. మన జిల్లాల నుంచి చదువులకు, ఉద్యోగాలకు కెనడా వెళ్లిన పిల్లలు అనేకమంది మిసిసాగా, బ్రాంప్టన్‌లలోనే నివాసముంటున్నారు. టొరంటో విమానాశ్రయంగా మనం పిలుచుకునే పియర్సన్ విమానాశ్రయం ఉన్నది కూడా మిసిసాగాలోనే. పిల్లల్ని చూసేందుకు వెళ్లే తల్లిదండ్రులు కెనడాలో తొలి అడుగు వేసేది ఈ 905 నేల మీదనే. అందుకే ఈ జట్టు కథ, దానితోపాటు ఈ కిందిస్థాయి లీగ్‌ల తీరుతెన్నులు మన పాఠకులకు తెలియవలసి ఉంది.

కింది మెట్టు ఎందుకు?

క్రికెట్‌తో పోల్చి చూస్తే సులభంగా అర్థమవుతుంది. భారత జట్టులో చోటు కోల్పోయిన ఆటగాడు రంజీ మ్యాచ్‌లు ఆడి ఫామ్ చాటుకొని తిరిగి వస్తాడు. అమెరికా బాస్కెట్‌బాల్‌లో చాలాకాలం ఇలాంటి సొంత ఏర్పాటు లేదు. కాంటినెంటల్ బాస్కెట్‌బాల్ అసోసియేషన్ అనే పాత లీగ్ ఉండేది. 1946లో పెన్సిల్వేనియా రాష్ట్రంలో చిన్న పట్టణాల పోటీగా మొదలై, ఆటగాళ్లకు, కోచ్‌లకు శిక్షణశాలగా పనిచేసింది. తర్వాతి కాలంలో 11 ఎన్‌బీఏ టైటిళ్లు సాధించిపెట్టిన కోచ్ ఫిల్ జాక్సన్ తొలి విజయం 1984లో ఆ లీగ్‌లోని ఆల్బనీ పట్టణ జట్టుతోనే. అయితే అది ఎన్‌బీఏ సొత్తు కాదు. 2001లో దివాలా తీసింది. మళ్లీ లేచి, 2009లో పూర్తిగా మూతపడింది.

2001లోనే ఎన్‌బీఏ స్వయంగా 8 జట్లతో ఒక అభివృద్ధి లీగ్‌ను ప్రారంభించింది. తొలి జట్లన్నీ అమెరికా ఆగ్నేయ రాష్ట్రాలవే. 2005లో దానికి డి-లీగ్ అని పేరు స్థిరపడింది. ‘డి’ అంటే డెవలప్‌మెంట్. 2017-18 నుంచి గేటరేడ్ అనే పానీయ సంస్థ ప్రాయోజకత్వం వహించడంతో జి-లీగ్‌గా మారింది. రాప్టర్స్ 905 గెలిచింది డి-లీగ్ పేరుతో జరిగిన ఆఖరి సీజన్‌ను. ఆ ఏడాది లీగ్‌లో 22 జట్లు ఉండగా, ఒక్కొక్కటీ 50 మ్యాచ్‌లు ఆడింది.

ఈ జట్లలో ఆటగాళ్లు రెండు తరగతులు. పైజట్టుతో ఒప్పందం ఉండి, అక్కడ ఆడే అవకాశం దొరకక కిందికి పంపించినవారు మొదటి తరగతి. వీరి జీతం ఎన్‌బీఏ జీతమే. అప్పట్లో కొత్త ఆటగాడికి కనీస మొత్తం ఏడాదికి 5.43 లక్షల డాలర్లు, అంటే నాటి లెక్కన దాదాపు మూడున్నర కోట్ల రూపాయలు. రెండో తరగతివారిది డి-లీగ్ ఒప్పందం మాత్రమే. సీజన్ మొత్తానికి వారికి 26 వేల డాలర్లు లేదా 19 వేల డాలర్లు. రూపాయల్లో 12 నుంచి 17 లక్షలు. మనకది పెద్ద మొత్తంగానే తోచవచ్చు. టొరంటో శివార్లలో అద్దె కట్టి, తిండి ఖర్చులు పోగా మిగిలేది స్వల్పమే. యూరప్ వెళితే ఇంతకు రెండు మూడింతలు వస్తుందని తెలిసీ ఆటగాళ్లు ఇక్కడ ఉండేది ఒకే ఆశతో: ఏదో ఒక ఎన్‌బీఏ జట్టు నుంచి ఫోను రాకపోతుందా అని. పక్కపక్కనే బట్టలు మార్చుకొనే ఇద్దరిలో ఒకరి జీతం మరొకరికి ఇరవై రెట్లకు పైబడి ఉండటం ఈ లీగ్‌లో మామూలే.

సొంత జట్టు అవసరం పడింది ఇలా..

2014లో టొరంటో రాప్టర్స్ యాజమాన్యం 20వ ఎంపికగా బ్రూనో కబోక్లో అనే బ్రెజిల్ కుర్రవాడిని తీసుకొని అందరినీ ఆశ్చర్యపరిచింది. అప్పటికి అతడి వయసు 18 ఏళ్లు. ఇతడు ఆటకు సిద్ధం కావడానికి కాదు, సిద్ధమయ్యే దశకు చేరడానికే రెండేళ్లు పడుతుందని ఓ టీవీ విశ్లేషకుడు ప్రత్యక్ష ప్రసారంలోనే వ్యాఖ్యానించారు. అనుభవం కోసం అతడిని ఇండియానా రాష్ట్రంలోని ఫోర్ట్ వేన్ జట్టుకు పంపారు. ఆ జట్టు ఏ ఒక్క ఎన్‌బీఏ జట్టుకూ చెందినది కాదు. సొంత జట్టు లేని 13 ఎన్‌బీఏ జట్లు తమ ఆటగాళ్లను అక్కడికే పంపేవి. పరాయివారి పిల్లవాడికి ఆడే సమయమిచ్చి తమ మ్యాచ్ పోగొట్టుకోవలసిన అగత్యం ఆ జట్టుకేముంది? కబోక్లో ఎక్కువగా బెంచీకే పరిమితమయ్యాడు. వారిని తప్పుపట్టలేం కూడా.

దీంతో టొరంటో యాజమాన్యం సొంత జట్టు పెట్టుకోవాలని నిశ్చయించింది. 2015లో రాప్టర్స్ 905 ఏర్పడింది. అమెరికా వెలుపల ఏర్పడిన తొలి డి-లీగ్ జట్టు ఇదే. మిసిసాగాలోని హెర్షీ సెంటర్‌ను వేదికగా ఎంచుకున్నారు. 1998లో ఐస్ హాకీ కోసం నిర్మించిన ఈ స్టేడియంలో దాదాపు 5 వేల మంది కూర్చోవచ్చు. పైజట్టు శిక్షణ కేంద్రం నుంచి కారులో వెళ్లదగినంత దూరం. ఉదయం ఎన్‌బీఏ జట్టుతో సాధన చేసిన ఆటగాడు రాత్రికి ఇక్కడ మ్యాచ్ ఆడవచ్చు. వేరే రాష్ట్రాల్లో, విమానంలో వెళ్లవలసినంత దూరంలో అనుబంధ జట్లున్న వారికి లేని సౌలభ్యమిది.

తొలి సీజన్‌లో 23 విజయాలు, 27 పరాజయాలు. మనవారు గుర్తుంచుకోదగిన విశేషం ఒకటి ఆ ఏడాది ఉంది. టొరంటోలో పుట్టిన పంజాబీ సంతతి ఆటగాడు, 7 అడుగుల 5 అంగుళాల సిమ్ భుల్లర్ ఆ తొలి సీజన్‌లో 905 తరఫున ఆడారు. అంతకుముందు 2015 ఏప్రిల్ 7న శాక్రమెంటో కింగ్స్ తరఫున బరిలో దిగి, ఎన్‌బీఏలో ఆడిన తొలి భారత సంతతి క్రీడాకారుడిగా చరిత్రకెక్కింది ఆయనే. ఆడింది ఆ మ్యాచ్ చివరి కొద్ది క్షణాలే. మొత్తం ఎన్‌బీఏ మ్యాచ్‌లు మూడు.

ఆ నలుగురు

2016-17కు కోచ్‌గా వచ్చినవారు జెర్రీ స్టాక్‌హౌస్. ఎన్‌బీఏలో 18 సీజన్లు ఆడిన దిట్ట. రెండుసార్లు ఆల్‌స్టార్. అయినా టైటిల్ మాత్రం దక్కలేదు. 2006లో డాలస్ తరఫున ఫైనల్ ఆడి మయామీ చేతిలో ఓడారు. ఇంత పేరున్న వ్యక్తి కిందిస్థాయి జట్టుతో విమానాలు మారుతూ, చిన్న పట్టణాల హోటళ్లలో బస చేస్తూ తిరుగుతారా అని చాలామంది సందేహించారు. ప్రధాన కోచ్‌గా ఆయనకది తొలి అనుభవం. బంతి చేతిలో ఉన్నప్పుడు ఎలా ఆడినా సర్దుకుంటారేమో కానీ, ప్రత్యర్థి దాడి చేసేటప్పుడు ఒళ్లు దాచుకుంటే ఎవరినైనా బయట కూర్చోబెట్టే రకం.

ఆయన రక్షణ వ్యూహానికి మూలస్తంభం ఎడీ తవారెస్. పశ్చిమాఫ్రికా తీరంలోని కేప్ వెర్డీ ద్వీపాలవాడు. ఎత్తు 7 అడుగుల 3 అంగుళాలు. 17 ఏళ్లు వచ్చే వరకు బాస్కెట్‌బాల్ ఆడి ఎరగడు. అట్లాంటా జట్టు వదిలేయగా ఇక్కడికి చేరాడు. వలయం ముందు అతడు చేతులెత్తి నిలబడితే ప్రత్యర్థులు లోపలికి చొరబడటానికే జంకేవారు. ఆ ఏడాది లీగ్‌లో ఉత్తమ రక్షణ ఆటగాడి అవార్డు అతడిదే.

పాస్కల్ సియాకమ్‌ది మరో కథ. కామెరూన్‌లోని డౌలా నగరంలో జన్మించాడు. తండ్రి కోరిక మేరకు చిన్నతనంలోనే క్రైస్తవ సెమినరీలో చేరి మతగురువు కావడానికి చదువుకున్నాడు. 2011లో వేసవి బాస్కెట్‌బాల్ శిబిరానికి సరదాగా వెళ్లాడు. మరుసటి ఏడాది దక్షిణాఫ్రికాలో ఎన్‌బీఏ నిర్వహించిన శిబిరానికి ఎంపికయ్యాడు. అక్కడి నుంచి అమెరికాలోని న్యూమెక్సికో స్టేట్ విశ్వవిద్యాలయం. సిమ్ భుల్లర్ చదివిందీ అక్కడే కావడం యాదృచ్ఛికం. 2014లో తండ్రి కారు ప్రమాదంలో మరణించారు. 2016లో టొరంటో అతడిని 27వ ఎంపికగా తీసుకుంది. జట్టులో ఒకరు గాయపడటంతో తొలి సీజన్‌లోనే 38 మ్యాచ్‌లకు ఆరంభ ఆటగాడిగా దిగాడు. అంతలో 2017 ఫిబ్రవరిలో టొరంటో యాజమాన్యం అనుభవజ్ఞుడైన సెర్జ్ ఇబాకాను తెచ్చుకుంది. సియాకమ్ స్థానం పోయింది. 905కు పంపించారు.

ఫ్రెడ్ వాన్‌వ్లీట్ ఆరడుగుల గార్డు. ఎన్‌బీఏ లెక్కల్లో పొట్టివాడు. ఇల్లినాయ్ రాష్ట్రం రాక్‌ఫోర్డ్ స్వస్థలం. అయిదేళ్ల వయసులో తండ్రి తుపాకీ కాల్పులకు బలయ్యారు. విచిటా స్టేట్ కళాశాల జట్టులో నాలుగేళ్లు రాణించినా 2016 ఎంపికల రాత్రి 60 పేర్లలో అతడి పేరు లేదు. రెండేళ్లు డి-లీగ్‌లో ఆడటానికి ఒప్పుకుంటే రెండో రౌండులో తీసుకుంటామన్న ప్రతిపాదనలు వస్తే కాదన్నాడు. టొరంటో శిబిరానికి వచ్చి, జట్టులో ఆఖరి స్థానం సంపాదించాడు. చివరికి డి-లీగ్‌కూ వెళ్లాడు. అయితే ఎన్‌బీఏ ఒప్పందం జేబులో పెట్టుకొని!

నాలుగోవాడు ఇంతకుముందు చెప్పుకొన్న కబోక్లో. మూడో ఏడాది నడుస్తున్నా నిలకడ లేదు. ఒక రాత్రి అద్భుతం, మరుసటి రాత్రి అయోమయం. సొంత జట్టు పెట్టుకోవడానికి కారకుడైన కుర్రవాడే ఆ జట్టుకు అన్నిటికన్నా పెద్ద ప్రశ్నార్థకంగా మిగిలాడు.

గెలిచేకొద్దీ నష్టం

50 మ్యాచ్‌లలో 39 గెలిచి 905 ప్లేఆఫ్స్‌కు దూసుకెళ్లింది. స్టాక్‌హౌస్‌కు ఉత్తమ కోచ్ పురస్కారం దక్కింది. ఈ లీగ్‌లోని విచిత్రం బయటపడేది సరిగ్గా ఇక్కడే. మరే పోటీలోనైనా సీజన్ ముగిసేనాటికి జట్టు బలపడుతుంది. ఇక్కడ బాగా ఆడిన జట్టు చిక్కిపోతుంది. డి-లీగ్ ఒప్పందం మాత్రమే ఉన్న ఆటగాడిని ఎన్‌బీఏలోని 30 జట్లలో ఏదైనా, ఎప్పుడైనా ఎగరేసుకుపోవచ్చు. పెంచిన జట్టుకు అడ్డుచెప్పే హక్కు లేదు.

తవారెస్ విషయంలో అదే జరిగింది. ఏప్రిల్ 12న క్లీవ్‌లాండ్ క్యావలియర్స్ అతడితో ఒప్పందం చేసుకుంది. ఫ్రెంచి ఆటగాడు ఆక్సెల్ టుపాన్ 905లో రెండు వైపులా రాణించినవాడు. సీజన్ చివర్లో అతడిని మిల్వాకీ బక్స్ తీసుకుంది. ఆటగాళ్లకు అది పండగ. జీవితంలో ఆశించిన ఫోను అదే కదా! కోచ్ మనస్ఫూర్తిగా అభినందించి పంపాలి, మర్నాడు వారు లేకుండా మ్యాచ్ గెలవాలి. పెళ్లి చేసి ఆడపిల్లను అత్తవారింటికి పంపే తండ్రి పరిస్థితి లాంటిదే ఇదీ. పైజట్టు నుంచి కూడా చిక్కే. ఎవరికైనా గాయమైతే ఉన్నపళంగా వాన్‌వ్లీట్‌నో, సియాకమ్‌నో పిలిపించుకుంటారు. మ్యాచ్‌కు ఎవరు ఉంటారో, ఎవరు ఉండరో చివరి వరకు తేలదు.

అన్నిటినీ తట్టుకొని జట్టు ఫైనల్ చేరింది. ఎదుట టెక్సాస్ రాష్ట్రం, మెక్సికో సరిహద్దు నుంచి వచ్చిన రియో గ్రాండ్ వ్యాలీ వైపర్స్. హ్యూస్టన్ రాకెట్స్‌కు అనుబంధ జట్టిది. అప్పటికే రెండుసార్లు టైటిల్ గెలిచింది. మధ్యదూరపు షాట్లను దాదాపుగా మానేసి, మూడు పాయింట్ల గీత వెలుపల నుంచి ఎడాపెడా వేయడం దాని పద్ధతి. ఆ ప్రయోగాన్ని ముందు ఇక్కడ పరీక్షించి, ఆపై ఎన్‌బీఏలో అమలు చేశారు. ఒక రకంగా అది హ్యూస్టన్‌కు ప్రయోగశాల. ఒక జట్టు నమ్ముకున్నది రక్షణను, మరొకటి దూరపు షాట్లను.

మూడు మ్యాచ్‌ల ఫైనల్‌లో ఇరుజట్లు చెరొకటి గెలవడంతో నిర్ణాయక పోరుకు మిసిసాగా వేదికైంది. ఏప్రిల్ 27, గురువారం. అదే రాత్రి పైజట్టు టొరంటో రాప్టర్స్ మిల్వాకీలో ఎన్‌బీఏ ప్లేఆఫ్స్ ఆరో మ్యాచ్ ఆడుతోంది. ఎదుటి జట్టు టుపాన్ చేరిన బక్స్! టొరంటో వాసుల టీవీలన్నీ సహజంగానే అటే తిరిగి ఉన్నాయి. అక్కడ రాప్టర్స్ 25 పాయింట్ల ఆధిక్యాన్ని చేజార్చుకొని, చివరికి ఎలాగో 92-89తో గట్టెక్కింది.

మిసిసాగాలో అంత ఉత్కంఠ లేదు. 905 ఆట ఏకపక్షంగా సాగింది. సియాకమ్ 32 పాయింట్లు సాధించాడు. ఇక కబోక్లో! పనికిరాడని ఫోర్ట్ వేన్ జట్టు బెంచీకి పరిమితం చేసిన ఆ కుర్రవాడు తన జీవితంలోనే మేటి ఆట ఆ రాత్రికి దాచుకున్నాడేమో అన్నట్లు 31 పాయింట్లు, 11 రీబౌండ్లతో చెలరేగాడు. తుది స్కోరు 122-96. సియాకమ్ ఫైనల్స్ ఉత్తమ ఆటగాడిగా ఎంపికయ్యాడు. ఆటగాడిగా 18 సీజన్లలో దొరకని టైటిల్ స్టాక్‌హౌస్‌కు కోచ్‌గా తొలి ఏడాదే లభించింది.

పైమెట్టున అదే 32

2019 మే 30. టొరంటోలో ఎన్‌బీఏ ఫైనల్స్ తొలి మ్యాచ్. ప్రత్యర్థి అప్పటి మేటి జట్టు గోల్డెన్ స్టేట్ వారియర్స్. సియాకమ్ వేసిన 17 షాట్లలో 14 వలయంలో పడ్డాయి. చేసిన పాయింట్లు సరిగ్గా 32. జూన్ 13న ఆరో మ్యాచ్‌తో టొరంటో 4-2తో టైటిల్ గెలుచుకుంది. ఆ చివరి మ్యాచ్‌లో వాన్‌వ్లీట్ 22 పాయింట్లు చేశాడు. అదే జట్టులోని నార్మన్ పావెల్, క్రిస్ బుషే సైతం 905లో ఆడి వచ్చినవారే. అంతకన్నా గమనార్హమైన సంగతి మరొకటుంది. ఆ విజేత జట్టు కోచ్ నిక్ నర్స్ సైతం డి-లీగ్ నుంచి ఎదిగినవారే. 2011లో అయోవాతో, 2013లో రియో గ్రాండ్ వ్యాలీతో ఆయన ఆ టైటిల్ గెలిచారు.

2019 అక్టోబరులో సియాకమ్‌కు నాలుగేళ్లకు 13 కోట్ల డాలర్ల ఒప్పందం లభించింది. 2020లో వాన్‌వ్లీట్ నాలుగేళ్లకు 8.5 కోట్ల డాలర్లకు సంతకం చేశాడు. ఎంపికల జాబితాలో చోటుదక్కని ఆటగాడి విషయంలో అప్పటికి అదొక రికార్డు. తర్వాత ఇద్దరూ టొరంటోను వీడారు. 2025లో సియాకమ్ ఇండియానా జట్టును ఎన్‌బీఏ ఫైనల్స్‌కు చేర్చడంలో కీలకపాత్ర పోషించాడు. తవారెస్ క్లీవ్‌లాండ్‌లో నిలదొక్కుకోలేకపోయినా స్పెయిన్‌లోని రియల్ మాడ్రిడ్‌లో చేరి యూరప్‌లోనే మేటి సెంటర్‌గా పేరు తెచ్చుకున్నాడు. కబోక్లో ఎన్‌బీఏలో నిలవలేదు. అయితే 2024 పారిస్ ఒలింపిక్స్ క్వార్టర్‌ఫైనల్‌లో బ్రెజిల్ తరఫున అమెరికాపైనే 30 పాయింట్లు చేశాడు.

నిబంధనలు మారాయి

పెంచినవారికి హక్కు లేకపోవడంపై జట్ల యాజమాన్యాల ఆవేదన కొంతవరకు ఫలించింది. 2017-18 నుంచి ‘టూ-వే’ ఒప్పందాలు అమలులోకి వచ్చాయి. వీటి కింద ఉన్న ఆటగాడు రెండు స్థాయుల్లోనూ ఆడవచ్చు, కానీ మరో ఎన్‌బీఏ జట్టు అతడిని తీసుకుపోలేదు. జీతమూ మెరుగు. మొదట జట్టుకు ఇద్దరికి అవకాశముండగా 2023-24 నుంచి ముగ్గురికి పెంచారు. 2016-17లో ఈ నిబంధన ఉండి ఉంటే తవారెస్ ఫైనల్ ఆడేవాడేమో. అయితే నిజంగా లాభపడింది ఎవరన్న విషయంలో భిన్నాభిప్రాయాలకు తావుంది. జట్టుకు భద్రత చేకూరింది సరే, 30 జట్ల తలుపులు తెరిచి ఉన్న ఆటగాడికి ఇప్పుడు ఒకే తలుపు మిగిలింది.

మన దేశ క్రీడాకారులకూ ఈ మెట్టు పరిచయమైనదే. 2015లో డాలస్ ఎంపిక చేసిన సత్నాం సింగ్ టెక్సాస్ లెజెండ్స్ తరఫున, అమ్‌జ్యోత్ సింగ్ 2017-18లో ఓక్లహామా సిటీ బ్లూ తరఫున ఇక్కడ ఆడారు. పైమెట్టుకు మాత్రం చేరలేకపోయారు. ఈ లీగ్‌లో ఎక్కువమంది అనుభవం అదే.

905 విజేత జట్టులోనే అందుకు నిదర్శనం ఉంది. బ్రేడీ హెస్లిప్‌ది మిసిసాగాకు సమీపంలోని బర్లింగ్టన్. అంటే ఫోను కోడ్ ప్రకారం అచ్చమైన 905 బిడ్డ. దూరం నుంచి మూడు పాయింట్ల షాట్లు వేయడంలో లీగ్‌లోనే అతడికి సాటివారు అరుదు. 2017 టైటిల్‌లో అతడికీ వాటా ఉంది. ఎన్‌బీఏ సీజన్‌లో మాత్రం ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు.